కుడిపక్క గేరు

మా వైపు సంబంధం చూడటానికి వచ్చినవాళ్ళు ముందు గేటు లోపల ఏ బండి నిలబడి ఉందో చూస్తారు. బుల్లెట్ ఉంటే భూమి ఉన్నట్టు, హీరో హోండా ఉంటే నెల జీతం ఉన్నట్టు, టీవీయస్ ఉంటే ఇంట్లో అందరూ పని చేసేవాళ్ళే అన్నట్టు. ఇది మా అవ్వ లెక్క. ఆమె ఈ మూడింట్లో ఏ ఒక్కటీ నడపలేదు గానీ, మూడింటి మీదా కూర్చుంది.

మా కుటుంబంలో మూడూ ఉన్నాయి, మూడు ఇళ్ళలో. తిరుత్తణి పెద్దింట్లో బుల్లెట్. తిరువళ్ళూరులో చిన్నాయన ఇంట్లో హీరో హోండా. పళ్లిపట్టు దగ్గర అత్త ఇంట్లో టీవీయస్. యాభై ఏళ్ళలో బండ్లు మారాయి గానీ కంపెనీలు మారలేదు, ఒక్క ఇంట్లో తప్ప. అది కూడా ఆ ఇంటివాళ్ళు మారింది కాదు, కంపెనీయే రెండుగా చీలిపోయింది. ఆ సంగతి తర్వాత చెబుతాం.

ఇప్పుడు ఇదంతా రాయడానికి కారణం ఉంది. పెద్దింటి బుల్లెట్ రిజిస్ట్రేషన్ మళ్ళీ రెన్యువల్‌కి వచ్చింది. పదిహేనేళ్ళు దాటిన బండికి ఐదేళ్ళకోసారి ఫారం 25 పెట్టి, బండిని ఆర్టీవో ఆఫీసుకి తీసుకెళ్ళి చూపించి, ఫీజు కట్టాలి. ఒకప్పుడు 300 రూపాయలుండే ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 1,000 అయింది. తర్వాత ఇరవై ఏళ్ళు దాటిన వాటికి ఇంకా పెంచారు. గ్రీన్ టాక్స్ వేరే. డబ్బు పెద్ద లెక్క కాదు. కానీ ఈసారి పెదనాయన, "నా పేరు మీద ఇంక వద్దురా. ఎవురికి కావాలో వాళ్ళ పేరుకి మార్చుకోండి, లేదా అమ్మేయండి" అన్నాడు. మేము ఆరుగురం. ఆరుగురికీ బండి కావాలి, ఆరుగురిలో ఎవరికీ దాన్ని నడపడం రాదు. ఎందుకు రాదో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

తాత ఆ బండి కొన్నది 1971లో, ఆ ఏడాది చెనక్కాయలు బాగా పండి, మామిడితోట గుత్తకిచ్చిన డబ్బు కూడా చేతికొచ్చినప్పుడు. అప్పట్లో మోటార్ సైకిలు అంటే మూడే పేర్లు వినిపించేవి. మైసూరు జావా, ఎస్కార్ట్స్ వాళ్ళ రాజ్‌దూత్, మద్రాసు బుల్లెట్. తాత మద్రాసు బండినే ఎందుకు పట్టుకున్నాడంటే, ఫ్యాక్టరీ తిరువొత్తియూరులో ఉంది కాబట్టి. "తిరుత్తణి, తిరువళ్ళూరు, తిరువొత్తియూరు, మూడూ ఒకే దోవలో ఉండాయి, ఏదన్నా ఐతే రైలెక్కి పోయి అడగొచ్చు" అనేవాడట. ఆ రోజుల్లో ఎక్కువమంది నమ్మకం ఇట్లానే పుట్టేది. ప్రకటన చూసి కాదు, విడిభాగం ఎంత దూరంలో దొరుకుతుందో చూసి. తిరుత్తణి నుంచి మద్రాసు సుమారు 85 కిలోమీటర్లు. అరక్కోణం మీదుగా రైలు. పొద్దున్నే వెళితే పుదుపేటలో తిరిగి, కావలసిన సామాను సంచీలో వేసుకుని రాత్రికి ఇల్లు చేరొచ్చు. జావాకి అయితే మైసూరు వైపు చూడాలి.

కంపెనీ కథ చాలామందికి తెలిసిందే అయినా మా కథతో కలుస్తుంది కాబట్టి క్లుప్తంగా చెబుతాం. రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంగ్లండులో రెడ్డిచ్ అనే ఊరి కంపెనీ. సరిహద్దు గస్తీకి మన సైన్యం బుల్లెట్లు కావాలంది. 1955లో మద్రాస్ మోటార్స్ వాళ్ళు ఆ కంపెనీతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టారు. మొదట్లో అక్కడి నుంచి వచ్చిన భాగాలను ఇక్కడ బిగించేవాళ్ళు, 1960ల మొదటికల్లా అన్నీ ఇక్కడే తయారుచేయడం మొదలైంది. 1967లో రెడ్డిచ్ ఫ్యాక్టరీ మూసేశారు. పుట్టిన ఊళ్ళో ఆగిపోయిన బండి మన దగ్గర ఆగలేదు. 1990లలో ఐషర్ చేతికి వచ్చింది. 2000 ప్రాంతంలో ఈ బండ్ల వ్యాపారాన్ని మూసేద్దామా అన్నంతదాకా పోయి, సిద్ధార్థ లాల్ పట్టుబట్టి నిలబెట్టాడు. ఇప్పుడు ఫ్యాక్టరీలు ఒరగడంలో, వల్లం వడగాళ్‌లో ఉన్నాయి. 2024-25లో ఏడాది అమ్మకాలు మొదటిసారి 10 లక్షలు దాటాయి.

యజమాని మారాడు, ఊరు మారింది, ఇంజిన్ మారింది. అయినా పేరు బుల్లెట్టే. మాకు ఇది వింతగా తోచదు. మా ఊరు 1911 దాకా ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది, ఆ తర్వాత చిత్తూరు జిల్లా. 1953లో ఆంధ్ర రాష్ట్రంలోకి వెళ్ళింది. మా.పో.సి. గారి పోరాటం, పటాస్కర్ సిఫారసు, వాటి మీద చట్టం, అన్నీ అయ్యాక 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రం చెంగల్పట్టు జిల్లాలోకి వచ్చింది. 1997లో తిరువళ్ళూరు జిల్లా అయింది. మా వాళ్ళు ఇల్లు ఖాళీ చేసింది ఒక్కసారీ లేదు. అడ్రసు మాత్రం మారుస్తూ పోయారు. ఇప్పటికీ హైదరాబాదు చుట్టాలు "మీరు తమిళనాడుకి ఎప్పుడు వెళ్ళారండీ?" అని అడుగుతారు. మేము వెళ్ళలేదండీ, అదే వచ్చింది.

ఇక బండి నడపడం సంగతి.

ఆ పాత బుల్లెట్‌కి గేరు కుడికాలి కింద ఉంటుంది, వెనక బ్రేకు ఎడమకాలి కింద. ఇప్పుడు దేశంలో ఏ బండైనా దీనికి తిరగబడి ఉంటుంది. మొదటి గేరు పైకి, మిగతా మూడూ కిందికి. న్యూట్రల్ దొరక్కపోతే మడమతో తొక్కడానికి పక్కన ఇంకో చిన్న లీవరు. స్టార్ట్ చేయడం ఇంకో విద్య. తాళం తిప్పి, కిక్‌ని మెల్లగా నొక్కుతూ యాంపియర్ మీటరు ముల్లు మధ్యకి వచ్చేదాకా చూడాలి. అప్పుడు ఎడమచేతి దగ్గర డీకంప్రెషన్ లీవరు పట్టి, కిక్‌ని ఇంకొంచెం దించి, లీవరు వదిలి, కిక్‌ని పైకి రానిచ్చి, అప్పుడు ఒళ్ళు బరువంతా వేసి ఒక్క తన్ను. ముల్లు చూడకుండా తొందరపడితే కిక్ ఎదురు తంతుంది. మడమ విరిగినవాళ్ళ కథలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి.

పెదనాయన ఇరవై ఏళ్ళప్పుడు ఆ బండి మీదే నేర్చుకున్నాడు. వేరే బండి ఎక్కితే అతని కుడికాలు గేరు వెతుక్కుంటూ బ్రేకు తొక్కేస్తుంది. పక్కింటాయన యమహా తీసుకుని ఒకసారి బజారుకి పోయినవాడు, తోసుకుంటూ తిరిగొచ్చాడు. అందుకే జన్మలో ఇంకో కంపెనీ బండి కొనలేదు. దాన్ని మనం అభిమానం అంటాం. అభిమానం లేదని కాదు. కానీ అందులో సగం కాలికి పట్టిన అలవాటు. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు కొనేవాడి మనసులో కంపెనీ మీద ప్రేమ ఎట్లా పుడుతుందని పుస్తకాలు రాస్తారు. కాలి సంగతి వాటిల్లో ఎక్కడైనా ఉందో లేదో గానీ, మా ఇంట్లో మాత్రం ప్రేమ కాలినుంచే మొదలైంది.

ఇది మా ఊహ కాదనడానికి ఒక రుజువు. కంపెనీవాళ్ళు గేరుని ఎడమ పక్కకి మార్చినప్పుడు ఈ ప్రాంతంలో పాత బుల్లెట్ మనుషులు నిజంగానే ముఖం తిప్పుకున్నారు. ఆ తర్వాత, 2010 నాటికి, పాత కాస్ట్ ఐరన్ ఇంజిన్ పోయి గేర్‌బాక్సుతో కలిసి ఒకే పెట్టెలో ఉండే కొత్త ఇంజిన్ వచ్చింది. ఆయిల్ కారదు, సెల్ఫ్ స్టార్టు, చేతికి నొప్పి లేదు. కొత్తవాళ్ళు వందలు వేలుగా వచ్చి చేరారు. పెదనాయన తన స్నేహితుడి కొత్త బండి చుట్టూ ఒకసారి తిరిగి, "బాగుండాది. పేరే తప్పు పెట్టినారు" అన్నాడు. ఇంకో బుల్లెట్ కొనలేదు. అంటే ఇంతకాలం ఆయన నమ్ముకున్నది కంపెనీని కాదన్నమాట. మరి దేన్ని?

మాకు తోచిన జవాబు మేస్త్రీ. తిరుత్తణి రైల్వే గేటు వైపు ఒక బుల్లెట్ మేస్త్రీ ఉండేవాడు. పేరు రాయడం లేదు, ఆయనకి ఇష్టం ఉండదు. తమిళాయన, తెలుగు మాకన్నా చక్కగా మాట్లాడతాడు. తాతతో తెలుగు, నాయనతో సగం సగం, మాతో తమిళం. షాపుకి బోర్డు లేదు. పాయింట్ గ్యాప్ బ్లేడు ముక్కతో చూసేవాడు, టాపెట్ శబ్దం వీధి మలుపులో ఉండగానే విని, "ఎవురిదో వదులైంది" అనేవాడు. కంపెనీ మూతపడుతుందేమో అనుకున్న ఆ ఏళ్ళలో ఈ జిల్లాలో పాత బండ్లు తిరిగాయంటే ఇట్లాంటివాళ్ళ వల్లే. అమ్మినవాడికి లేని ఓపిక వీళ్ళకి ఉండేది. మా తాత పోయింది 1994లో. మేస్త్రీ కర్మాంతరం రోజు వచ్చి, అన్నం తినే ముందు బండిని ఒకసారి స్టార్ట్ చేసి, కాసేపు తిరగనిచ్చి ఆపాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.

అమెరికాలో హార్లీ డేవిడ్‌సన్ కంపెనీ కష్టాల్లో ఉన్నప్పుడు, 1983లో, తానే ఓనర్ల సంఘం ఒకటి పెట్టింది. డాలస్‌లో ఉన్న మా బావ అది చెప్పి, జాకెట్లూ, టాటూలూ ఫోటోలు పంపిస్తుంటాడు. మన దగ్గర కూడా ఇప్పుడు గోవాలో మోటోవర్స్ అనీ, హిమాలయాలకి యాత్రలనీ కంపెనీయే జరుపుతుంది. తప్పని మేము అనం, పిల్లలు సంతోషంగా వెళ్ళొస్తున్నారు. కానీ కంపెనీ పిలిచి కూర్చోబెట్టే అభిమానం ఒకటి, కంపెనీ ఉందో లేదో తెలియని రోజుల్లో నిలబడ్డ అభిమానం ఒకటి. రెండో దానికి టీ షర్టు లేదు.

టీ షర్టు అస్సలు లేనిది మాత్రం టీవీయస్ వాళ్ళకి.

మా అత్తగారి ఊరు పళ్లిపట్టు దగ్గర. ఆ చుట్టుపక్కల, పొదటూరుపేట దాకా, మగ్గాల ఊళ్ళు. పడుగు కట్టలు, నూలు మూటలు, చీరల మూటలు, ఇవన్నీ పోయేది టీవీయస్ ఫిఫ్టీ మీదే. దాన్ని హోసూరులో 1980లో మొదలుపెట్టారు. హోసూరంటే మన మాట వినపడే ఊరే కదా, అందుకని అత్త దాన్ని "మనోళ్ళ ఊరి బండి" అంటుంది. ముందు ఖాళీ జాగా, వెనక సీటు తీసేస్తే ఇంకో జాగా. తిరువాలంగాడు చక్కెర మిల్లు దారిలో చెరుకు గడల మోపు వేసుకుని, దాని మీద మనిషి కూర్చుని పోతుంటే వెనకనుంచి బండి కనిపించదు, మోపు ఒక్కటే కదిలిపోతున్నట్టు ఉంటుంది. పాల క్యాన్లు అటొకటి ఇటొకటి. పచ్చగడ్డి. ఎరువు సంచి. ఒకసారి అత్త కోడలి పురుడుకి ఆస్పత్రికి కూడా.

అత్త మామయ్య 1986లో మొదటిది కొన్నారు. ఇప్పుడున్నది ఐదోది. టూ స్ట్రోక్ ఉన్నంతకాలం బంకులో 2టీ ఆయిల్ కలిపించుకుని పోయించారు. 2015లో ఫోర్ స్ట్రోక్ ఎక్సెల్ హండ్రెడ్ వచ్చాక అది పుచ్చుకున్నారు. ఐదు బండ్లు, నలభై ఏళ్ళు, ఒకే కంపెనీ. అయినా అత్తని "నీకు టీవీయస్ అంటే అంత అభిమానమా?" అని మేము అడిగితే నవ్వింది. "అభిమానం ఏందిరా, మూట మొయ్యాల కదా. అది మోస్తాది." ఆమెకి అది కంపెనీ పేరు కూడా కాదు. ఆ మాదిరి చిన్న బండి ఏ కంపెనీది కనిపించినా టీవీయస్సే అంటుంది.

బుల్లెట్ వాడు తన బండి గురించి గంటసేపు మాట్లాడతాడు. అత్త ఒక్క మాట మాట్లాడదు. ఎవరైనా లెక్క వేస్తే ఆమెదే ఎక్కువ విధేయత. కానీ ఆ మాట మగ్గాల ఊళ్ళలో, గడ్డి మోపులు మోసేవాళ్ళ గురించి ఎవరూ వాడగా మేము వినలేదు. డబ్బుండి ఎంచుకున్నవాడికి విధేయత అనీ, లేక ఎంచుకున్నవాడికి అవసరం అనీ పేర్లు పెట్టారు. ఇది మాకు ఒప్పదు. ఆమెకి కూడా షాపులో నాలుగు రకాలు చూపించారు, నాలుగూ తొక్కి చూసే వద్దంది.

చిన్నాయన సంగతి వేరు. తిరువళ్ళూరు నుంచి రోజూ స్టేషన్‌కి బండి, అక్కడినుంచి మద్రాసుకి కరెంటు రైలు, సాయంత్రం మళ్ళీ. 1988లో సీడీ హండ్రెడ్ కొన్నాడు. హీరో హోండా వాళ్ళు ఆ బండి తెచ్చింది 1985లో. ఫోర్ స్ట్రోక్, పెట్రోలు తక్కువ తాగుతుందన్నది ఒక్కటే ప్రచారం, ఒక్కటే నిజం. చిన్నాయన దగ్గర ఒక చిన్న డైరీ ఉండేది. ఏ తేదీ ఎన్ని లీటర్లు పోయించాడు, మీటరు ఎంత చూపించింది, లీటరుకి ఎంత వచ్చింది. ముప్ఫై ఏళ్ళ డైరీలు బీరువాలో ఉన్నాయి. చిన్నమ్మ ఒకసారి, "నగల లెక్క కూడా ఇంత బాగా రాసుంటే ఎంత బాగుండు" అంది. ఆయన విధేయత ఆ అంకెలదే. సీడీ హండ్రెడ్ తర్వాత 1999లో స్ప్లెండర్, దాని తర్వాత ఇంకో స్ప్లెండర్. సర్వీసు తేదీ తప్పితే ఆయనకి జ్వరం వచ్చినట్టుండేది.

2010 డిసెంబరులో హీరో, హోండా వేరు పడుతున్నారని పేపర్లో వచ్చింది. ఆ వారం తిరువళ్ళూరు ఇంట్లో భాగాలు పంచుకునేటప్పుడు జరిగేంత చర్చ జరిగింది. ఎవరిది న్యాయం? ఇంజిన్ విద్య హోండాది. షాపులూ, మనుషులూ, ఊరూరా ఉన్న మెకానిక్కులూ హీరోవి. పైగా హోండా అప్పటికే పదేళ్ళ ముందునుంచి వేరు కుంపటి పెట్టుకుని యాక్టివా అమ్ముతోంది. "ఒకే ఇంట్లో ఉంటా రెండు పొయ్యిలా?" అని చిన్నాయనకి అదొక బాధ. పెద్దకొడుకు హీరో వైపు, చిన్నకొడుకు హోండా వైపు. పెద్దవాడు మళ్ళీ స్ప్లెండరే కొన్నాడు, ట్యాంకు మీద ఇప్పుడు హీరో అని ఒక్క మాటే. చిన్నవాడు షైన్ కొన్నాడు. చిన్నాయన రెండు బండ్లకీ రెండు డైరీలు పెట్టి రెండేళ్ళు లెక్క రాసి, చివరికి "రెండూ ఒకటేరా, కొట్టుకోకండి" అన్నాడు. ఆయన తన పాత స్ప్లెండర్‌నే ఉంచుకున్నాడు, రెండు పేర్లూ ఉన్నది.

ఇంకో తమాషా. 1960లో మా తిరుత్తణి ఇటు వచ్చినప్పుడు, తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాల నుంచి సత్యవేడు వైపు గ్రామాలు ఆంధ్రకి పోయాయి. అది ఇచ్చిపుచ్చుకోవడం. ఆ సత్యవేడు మండలంలోనే ఇప్పుడు హీరో ఫ్యాక్టరీ ఉంది, 2018లో శంకుస్థాపన చేశారు. దాంతో చిన్నాయనకి ఒక కొత్త వాదన దొరికింది. "బుల్లెట్ తమిళ బండి, హీరో తెలుగు బండి" అని పెదనాయనని ఉడికిస్తాడు. పెదనాయన జవాబు: "అది ఢిల్లీ వాళ్ళది. ఇదీ ఢిల్లీ వాళ్ళదే. కాఫీ తాగు."

యమహా ఆర్‌ఎక్స్ హండ్రెడ్ గురించి ఒక్క మాట చెప్పకపోతే మా తరం మగపిల్లలు ఊరుకోరు. 1985లో వచ్చి 1996లో ఆగిపోయిన ఆ బండిని మా ఆరుగురిలో ఇద్దరు కాలేజీ రోజుల్లో సెకండ్ హ్యాండులో కొన్నారు, ఒకడు పెళ్ళికి ముందు అమ్మేశాడు, ఇప్పుడు దాని ధర విన్నప్పుడల్లా మాట మారుస్తాడు. పొగ, చప్పుడు, వేగం. అంతకన్నా మాకు చెప్పడానికి లేదు. ఆ బండి అభిమానులు తామే చెప్పుకుంటారు, అడగకపోయినా.

ఇవన్నీ ఎవరివైనా సరే, కొత్తగా ఉన్నప్పుడు మొదట తిరుత్తణి కొండెక్కాయి. మెట్లు 365, ఏడాదికి ఎన్ని రోజులో అన్ని. బండ్లకి వేరే ఘాట్ రోడ్డు ఉంది. ముహూర్తం రోజుల్లో చూడాలి, అరక్కోణం, తిరువళ్ళూరు, నగరి, పుత్తూరు, అటునుంచీ ఇటునుంచీ కొత్త బండ్లు వరసగా నిలబడి ఉంటాయి. హ్యాండిల్‌కి దండ, ట్యాంకుకి చందనం బొట్టు, చక్రం కింద నిమ్మకాయ. అక్కడ ఏ కంపెనీ అని ఎవరూ అడగరు.

సరే, పెద్దింటి బుల్లెట్.

మాలో ఒకడు, చిన్నాయన పెద్దకొడుకు, అమ్మేద్దామన్నాడు. చెన్నైలో పాత బండ్లు బాగుచేసి ఉంచుకునేవాళ్ళు ఉన్నారు, ఒకరు లక్షన్నర ఇస్తామన్నారు. వాడి మాట కొట్టిపారేసేది కాదు. "మనం పట్టుకుని వేలాడేది కంపెనీనా, బండినా, తాతనా? కంపెనీకి మనం అక్కర్లేదు, ఏడాదికి పది లక్షలు అమ్ముకుంటా ఉండాది. తాత ఫోటో ఇంట్లో ఉంది. ఇంక బండి అంటే, షెడ్డులో నిలబెట్టి తుప్పు పట్టించేదానికన్నా, తుడిచి నడిపేవాడికి ఇస్తే దానికే మర్యాద." డాలస్ బావ మాత్రం ఓడకెక్కించి తెప్పించుకుని తన గ్యారేజీలో పెట్టుకుంటా అన్నాడు. పెదనాయన దానికి ఒప్పుకోలేదు. గ్యారేజీలో పెట్టేదానికైతే ఇక్కడ షెడ్డు ఉండనే ఉందన్నాడు.

మాలో మిగతావాళ్ళు ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నాం. మాకు ఎడమ గేరు. ముప్ఫై ఏళ్ళుగా కాలు అట్లా పాతుకుపోయింది, ఇప్పుడు మార్చుకుంటే పెదనాయన యమహా మీద తోసుకుంటూ వచ్చినట్టే అవుతుంది. పెదనాయనకి మోకాలు ఆపరేషన్ అయ్యాక కిక్ కొట్టడం లేదు. మేస్త్రీ షాపు కట్టేశాడు, ఆయన కొడుకు ఒరగడం వైపు కంపెనీ బస్సులో పోయే ఉద్యోగం చేస్తున్నాడు. బండి తాళం పూజగదిలో ఉంది.

అప్పుడు మా అన్న కూతురు నోరు తెరిచింది. పెదనాయన మనవరాలు, ఇరవై మూడేళ్ళు. ఇంతవరకు నడిపింది ఎలక్ట్రిక్ స్కూటర్ ఒక్కటే. అది కూడా హోసూరు వైపు తయారైనదే, అత్త ఇది విని చాలా సంతోషపడింది. ఆ పిల్ల లెక్క సులభం. తన బండికి గేరే లేదు. ఎడమ అలవాటూ లేదు, కుడి అలవాటూ లేదు. మరిచిపోవాల్సింది ఏమీ లేనిదాన్ని తానొక్కతే కాబట్టి తానే నేర్చుకుంటానంది.

పెదనాయన ఒక షరతు పెట్టాడు. కిక్ కొట్టి స్టార్ట్ చేసి, కొండ కిందినుంచి రైల్వే గేటుదాకా ఎక్కడా ఆపకుండా పోయి రావాలి. అది చేస్తే కాగితాలు దాని పేరుకి. అమ్ముదామన్నవాడు దీనికి ఒప్పుకున్నాడు, రెండు నెలలు గడువు పెట్టి. ఆ పిల్లకున్నది గేరు లేని బండి లైసెన్సు. ముందు గేరు బండికి ఎల్ఎల్ఆర్ తీసుకుని, ముప్ఫై రోజులు ఆగి పరీక్షకి పోవాలి. అది తీసుకుంది. పరీక్షకి మాత్రం ఎడమ గేరు బండే తీసుకురమ్మంటారేమో అని మాకు ఒక అనుమానం, ఎవరైనా వెళ్ళి అడగాలి.

ఇప్పుడు రోజూ పొద్దున ఆరింటికి ఊరి బయట ఖాళీ లేఅవుట్‌లో పాఠం. పెదనాయన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంటాడు. మేస్త్రీకి కబురు చేస్తే మొదటి రోజే వచ్చాడు, కార్బురేటర్ విప్పి కడిగాడు, పాయింట్ చూశాడు, డబ్బు తీసుకోలేదు. "ముల్లు చూడు పాప, ముల్లు చూడు, తొందర పడమాక" అని ఇద్దరూ రెండు వైపులనుంచి అరుస్తుంటారు. ఒకరు తెలుగులో, ఒకరు తమిళంలో. ఆ పిల్ల రెండు భాషల్లోనూ విసుక్కుంటుంది. నిన్నటికి పదకొండు రోజులు. మొదట్లో ఇరవై సార్లు తన్నేది, నిన్న ఐదో తన్నుకి అందుకుంది.